ఉద్యోగం మానకుండా సేఫ్టీలో ఎమ్మెస్సీ: కోర్సు ఎలా ఎంచుకున్నానంటే

నేను పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. చదివింది కెమికల్ బీటెక్. మొదట్లో ప్రొడక్షన్‌లో షిఫ్టులు చేశాను, తర్వాత సేఫ్టీ విభాగానికి మారాను. కంపెనీయే పంపితే చెన్నై తరమణిలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడీఐఎస్, అంటే అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీ, పూర్తిచేశాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని ఒక యూనివర్సిటీ వాళ్ల ఎమ్మెస్సీ ఆన్‌లైన్‌లో చదువుతున్నాను, రెండో ఏడాది నడుస్తోంది. మా దగ్గర జూనియర్లు, పక్క కంపెనీల్లో తెలిసినవాళ్లు అందరూ అడిగేది ఒక్కటే: "మేడం, ఏ యూనివర్సిటీ మంచిది?" ఆ ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పలేను. నేనేం చూసి ఎంచుకున్నానో మాత్రం వివరంగా చెప్పగలను. అది యూనివర్సిటీ పేరుకంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

అసలు ఏడీఐఎస్ ఉండగా ఇంకా చదువెందుకు అన్నది మొదటి ప్రశ్న. మా అత్తయ్య కూడా అదే అడిగారు. దానికి కారణం సెంట్రిఫ్యూజ్, అంటే ద్రవం నుంచి గట్టి పదార్థాన్ని వేరుచేసే యంత్రం, దగ్గర పనిచేసే ఒక కాంట్రాక్టు కుర్రాడు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాడు. టోలీన్ అనే సాల్వెంట్‌తో (ద్రావకంతో) తడిసిన కేక్‌ను, అంటే అందులో మిగిలే ముద్దను, బయటికి తీసే పని అతనిది. ఒకరోజు రౌండ్స్‌లో ఉండగా వచ్చి, "మేడం, మీటర్ సున్నా చూపిస్తోంది కదా, మరి నాకు తల ఎందుకు తిరుగుతోంది?" అన్నాడు. అతన్ని వెంటనే బయటికి పంపించి, డాక్టర్‌కి చూపించి, ఆ తర్వాత కూర్చుని లెక్క చెప్పాను. మన చేతిలో ఉండే ఎల్ఈఎల్ మీటర్ చూసేది గాలి అంటుకుంటుందా లేదా అని, పీల్చడానికి బాగుందా అని కాదు. టోలీన్ ఆవిరి గాలిలో సుమారు 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) చేరితే అంటుకునే స్థాయికి వస్తుంది. అందులో నూరో వంతును మీటర్ '1' అని చూపిస్తుంది. ఆ '1' అంటేనే 110 పీపీఎం. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో టోలీన్‌కు ఎనిమిది గంటల సగటు పరిమితి 100 పీపీఎం. అమెరికాలో పారిశ్రామిక హైజీనిస్టుల సంస్థ ఏసీజీఐహెచ్ సూచించేది 20 మాత్రమే. మీటర్ మీద సున్నా కనిపిస్తున్నా మనిషి పరిమితికి అటూ ఇటూగా పీలుస్తూ ఉండొచ్చు, ఏసీజీఐహెచ్ లెక్కలో అయితే దానికి ఎన్నో రెట్లు.

ఇంతవరకు చెప్పగలిగాను. ఆ తర్వాతే ఆగిపోయాను. అతను నిజంగా షిఫ్టు మొత్తంలో ఎంత పీలుస్తున్నాడు? దాన్ని కొలవాలంటే ఎన్ని రోజులు, ఎంతమంది మీద, ఏ పద్ధతిలో కొలవాలి? వచ్చిన అంకెలు పట్టుకుని వెళ్లి మేనేజ్‌మెంట్‌తో సెంట్రిఫ్యూజ్ మార్పించాలంటే ఏ వాదన నిలబడుతుంది? మాస్కులు కొనిపించడం తేలిక. మనం పాఠాల్లో చెప్పుకునే నియంత్రణల క్రమంలో మాత్రం మాస్కు చిట్టచివరిది. పైమెట్లు, అంటే యంత్రాన్నో పద్ధతినో మార్చడం దాకా, ఎక్కించాలంటే నాకు ఇంకొంచెం లోతైన చదువు కావాలనిపించింది. సర్టిఫికెట్ల కోసం కాదని ముందే తేల్చుకున్నాను కాబట్టి తర్వాత చాలా కోర్సులు వాటంతటవే జాబితాలోంచి జారిపోయాయి.

అన్నిటికంటే ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే తికమక పడుతున్నారు. పాత ఫ్యాక్టరీల చట్టం 40-బి సెక్షన్ ప్రకారం వెయ్యి మంది అంతకుమించి కార్మికులున్న చోట, లేదా ప్రమాదకరమైన ప్రక్రియలున్నాయని రాష్ట్ర ప్రభుత్వం భావించిన చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సి వచ్చేది. ఆ ఆఫీసర్‌కి ఏ అర్హత ఉండాలో రాష్ట్రాల నియమాలు చెబుతాయి: ఇంజినీరింగ్ డిగ్రీ అయితే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరీ అనుభవం రెండేళ్లు, ఫిజిక్సో కెమిస్ట్రీయో అయితే ఐదేళ్లు, దాంతోపాటు రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ లేదా డిప్లొమా, చివరగా కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష వచ్చి ఉండాలి. ఆ చివరి షరతు నాకు చాలా ఇష్టం. ఈరోజు పరవాడలో దాని అర్థం తెలుగొక్కటే కాదు, ఒడియా, హిందీ కూడా. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మామూలు ఫ్యాక్టరీకి 500 మంది, ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీకి 250 మంది, లేదా అంతకుమించి ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలన్నారు. అంటే ఈ ఉద్యోగాలు పెరుగుతాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, విదేశీ ఆన్‌లైన్ ఎమ్మెస్సీ ఎంత గొప్పదైనా, రాష్ట్రం గుర్తించిన డిప్లొమాకి అది బదులు అనుకోకూడదు. నాకు ఏడీఐఎస్ ముందే ఉంది కాబట్టి ఆ చింత లేదు. అది లేనివాళ్లు నన్నడిగితే ముందు అదే చేయమంటాను. ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో, లేదా చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్ ప్రాంతీయ కేంద్రాల్లో. లక్షలు పోసి ఎమ్మెస్సీ తెచ్చుకుని, సేఫ్టీ ఆఫీసర్‌గా మాత్రం నియమించలేమని హెచ్ఆర్ చెబితే ఆ బాధ మామూలుగా ఉండదు. నాకు తెలిసిన ఒకరికి అలాగే అయింది.

మన దేశంలోనే చేద్దామని కూడా బాగా వెతికాను. తిరుచ్చి ఎన్ఐటీలో ఇండస్ట్రియల్ సేఫ్టీ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. కొచ్చిన్ యూనివర్సిటీలో సేఫ్టీ, ఫైర్ ఇంజినీరింగ్‌కి ప్రత్యేక విభాగమే ఉంది. మంచి చదువులు. కానీ క్యాంపస్‌లో ఉండి చదవాలి, నేను ఉద్యోగం వదల్లేను. బాబు మూడో తరగతి, ఇంటి లోను నడుస్తోంది. ఆన్‌లైన్‌లో ఎంటెక్ ఎక్కడైనా దొరుకుతుందా అని చూస్తే అసలు విషయం తెలిసింది. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ డిగ్రీలు దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ ఇవ్వకూడదు. అంతకుముందే, 2017 నవంబర్‌లో, డీమ్డ్ యూనివర్సిటీలు కరస్పాండెన్స్‌లో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద సుప్రీంకోర్టు చాలా గట్టిగా తీర్పు ఇచ్చింది. ఎంతోమంది పాత పట్టాలు అందులో చిక్కుకున్నాయి. కాబట్టి "సేఫ్టీలో ఆన్‌లైన్ ఎంటెక్" అని ఎవరైనా అంటే అక్కడే ఫోన్ పెట్టేయవచ్చు. ఎంబీఏ, డిప్లొమా పేర్లతో ఉన్నవి వేరే సంగతి. వాటికి యూజీసీ దూరవిద్యా బ్యూరో గుర్తింపు ఉందో లేదో వాళ్ల సైట్‌లో ఎవరికి వాళ్లే చూసుకోవచ్చు. చేరేవాళ్లు ఆ బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ తీసుకోవడం కూడా ఇప్పుడు తప్పనిసరి చేశారు. ఎంబీఏల సిలబస్ నేను చూశాను. మేనేజ్‌మెంట్ సబ్జెక్టులు ఎక్కువ, కొలతలు, లెక్కలు తక్కువ. నా అవసరానికి అది సరిపోలేదు.

గాజువాక, ద్వారకానగర్ వైపు వెళ్తే సేఫ్టీ కోర్సుల బోర్డులు కొల్లలు. ఒక సెంటర్‌లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "లెవెల్ 7 డిప్లొమా మేడం, యూకే మాస్టర్స్‌తో సమానం, ఆరు నెలల్లో అయిపోతుంది, అసైన్‌మెంట్లు కూడా మేమే చూసుకుంటాం" అన్నారు. ఆ చివరి మాటకే నాకు ఒళ్లు మండింది. మనుషుల ప్రాణాలతో ఉన్న పని ఇది. అసైన్‌మెంట్ ఇంకొకరు రాసిపెట్టినవాడు రేపు కన్ఫైన్డ్ స్పేస్ (గాలి సరిగా ఆడని ఇరుకు చోటు) పర్మిట్ మీద సంతకం పెడతాడు, దాన్ని నమ్ముకుని ఒక మనిషి రియాక్టర్‌లోకి దిగుతాడు. ఇక లెవెల్ 7 సంగతి. ఇంగ్లండ్‌లో చదువులకు స్థాయులు పెట్టారు, మాస్టర్స్ డిగ్రీ ఏడో స్థాయిలో ఉంటుంది. అదే స్థాయిలో చిన్న సర్టిఫికెట్లు, డిప్లొమాలు, వొకేషనల్ అర్హతలు కూడా ఉంటాయి. స్థాయి ఒకటైనంత మాత్రాన డిప్లొమా డిగ్రీ అయిపోదు. డిగ్రీ ఇచ్చే అధికారం ఉన్న సంస్థే డిగ్రీ ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో ఆ అధికారం ఎవరికుందో ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ రిజిస్టర్‌లో కనిపిస్తుంది. అమెరికాదైతే అక్రెడిటేషన్ ఎవరిచ్చారు, ఆ ఇచ్చినవాళ్లకు గుర్తింపు ఉందా అని అక్కడి ఉన్నత విద్యా అక్రెడిటేషన్ మండలి సీహెచ్ఈఏ డేటాబేస్‌లో చూడాలి. ఈ పనికి అరగంట కూడా పట్టదు.

మా పెదనాన్నగారి అబ్బాయి సౌదీలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజర్. గల్ఫ్ సంగతి తెలుసుకుందామని ఫోన్ చేశాను. "చూడమ్మా, ఇక్కడ బయోడేటాలో మొదట చూసేది నెబోష్ ఉందా లేదా అనే. ఆ తర్వాత గల్ఫ్ అనుభవం ఎన్నేళ్లు అని. మాస్టర్స్ మేనేజర్ పోస్టులకి పనికొస్తుంది, కిందవాటికి దాని గురించి ఎవరూ అడగరు" అన్నాడు. నెబోష్ అంటే సేఫ్టీ సర్టిఫికెట్లిచ్చే బ్రిటన్ పరీక్షా సంస్థ. అన్నయ్య మాట అక్షరాలా నిజమని తర్వాత ఉద్యోగ ప్రకటనలు చదివితే అర్థమైంది. గల్ఫ్‌కి వెళ్లి సైట్‌లో పనిచేయాలనుకునేవాళ్లకి నెబోష్ ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్ చాలు. దానికి పెట్టే డబ్బు మాస్టర్స్ ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. అది వదిలేసి మాస్టర్స్‌కి పరుగెత్తడం వృథా. నేను గల్ఫ్ వెళ్లే ఆలోచనలో లేను. ప్రభుత్వ ఉద్యోగానికో పీహెచ్‌డీకో వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఆన్‌లైన్ విదేశీ డిగ్రీకి ఇక్కడ సమానత్వం దొరుకుతుందా లేదా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. చేరాక తెలుసుకుని లాభం లేదు.

ఇలా వడకట్టగా బ్రిటన్, అమెరికా కోర్సులు కొన్ని మిగిలాయి. అమెరికావాటిలో ఒక సదుపాయం ఉంది. అక్కడ సేఫ్టీ సర్టిఫికేషన్లిచ్చే సంస్థ బీసీఎస్‌పీ గుర్తించిన కోర్సు పూర్తిచేస్తే గ్రాడ్యుయేట్ సేఫ్టీ ప్రాక్టీషనర్ హోదా వస్తుంది, సీఎస్‌పీ అనే పెద్ద సర్టిఫికేషన్‌కి దారి కొంత దగ్గరవుతుంది. అమెరికన్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకి అది పెద్ద లాభమే. కానీ చాలా కోర్సులు వాళ్ల పని భద్రతా సంస్థ ఓషా నిబంధనల చుట్టూ తిరుగుతాయి. బ్రిటన్‌లో ఐవోష్ అనే వృత్తి సంస్థ డిగ్రీలకు గుర్తింపు ఇస్తుంది. ఆ గుర్తింపున్న డిగ్రీ ఉంటే ఆ సంస్థలో చేరి, ఆ తర్వాత చార్టర్డ్ మెంబర్ అయ్యే దారిలోకి వెళ్లొచ్చు. అక్కడి చట్టం పద్ధతి కూడా నాకు నచ్చింది. ప్రతి కొలతనూ చట్టంలో రాసి పెట్టడం కంటే, ప్రమాదాన్ని అంచనా వేసి ఆచరణలో సాధ్యమైనంత మేరకు తగ్గించు, ఎందుకు అంతకు మించి తగ్గించలేకపోయావో నువ్వే చూపించు అంటుంది. మా ప్లాంట్‌లో "రూల్‌లో లేదు కదా" అన్న మాట రోజూ వింటుంటాను కాబట్టి, ఆ ఆలోచనా విధానం నేర్చుకోవాలనిపించింది.

సిలబస్ పేర్లు చూసి ఏమీ తెలియదు. అన్ని చోట్లా రిస్క్ మేనేజ్‌మెంట్, సేఫ్టీ కల్చర్, లీడర్‌షిప్ అనే ఉంటాయి. అందుకే అడ్మిషన్ వాళ్లకి మెయిల్ పెట్టి రెండు అడిగాను: ఒక మాడ్యూల్ హ్యాండ్‌బుక్, పాత అసైన్‌మెంట్ ఒకటి. కొందరు పంపలేదు. కాల్ సెంటర్ వాళ్లు మాత్రం రోజూ ఫోన్ చేసి ఫీజులో రాయితీ ఉందనేవారు. పంపిన వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చదివితే తేడా కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒకదాంట్లో ప్రశ్న, "సంస్థలో భద్రతా సంస్కృతి ప్రాముఖ్యాన్ని చర్చించండి" అన్న ధోరణిలో ఉంది. దీనికి జవాబు ఎవరైనా ఎక్కడైనా కూర్చుని రాయొచ్చు. రెండోదాంట్లో, నువ్వు పనిచేసే చోట రసాయనానికో శబ్దానికో గురయ్యే ఒక పనిని ఎంచుకో, ఎవరు ఎంతసేపు గురవుతున్నారో వివరించు, కొలిచే ప్రణాళిక రాయి, ఆ ప్రణాళికలో నీకు నమ్మకం లేని చోట్లేవో చెప్పు, నియంత్రణల్ని క్రమంలో పెట్టి ఎందుకలా పెట్టావో సమర్థించు అని ఉంది. మార్కుల పట్టికలో నమ్మకం లేని చోట్లకి విడిగా మార్కులున్నాయి. అది చదవగానే నాకు సెంట్రిఫ్యూజ్ దగ్గరి పనే గుర్తొచ్చింది. ఈ కోర్సులో చేరాలని దాదాపు అప్పుడే అనుకున్నాను.

దాదాపు అని ఎందుకన్నానంటే, ఇంకొకటి చూడాల్సి ఉంది. సేఫ్టీ అన్న ఒక్క మాట కింద రెండు మూడు వేరువేరు విద్యలున్నాయి. జారిపడటం, ఎత్తు నుంచి పడటం, చేతులు నలగడం లాంటివి ఒకటి. రసాయనాలు, శబ్దం, దుమ్ము వల్ల ఏళ్ల తరబడి వచ్చే జబ్బులు ఇంకొకటి. రియాక్షన్ అదుపు తప్పడం, సాల్వెంట్ ఆవిరి అంటుకోవడం లాంటి ప్రాసెస్ సేఫ్టీ మరొకటి. గేటు దగ్గర "ఇన్ని రోజులుగా ప్రమాదం లేదు" అనే బోర్డు మొదటిదాని గురించే చెబుతుంది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. ఆ తర్వాత జేమ్స్ బేకర్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక ముఖ్యంగా ఎత్తిచూపింది దీన్నే: వ్యక్తిగత గాయాల లెక్క బాగుందని ప్రాసెస్ సేఫ్టీ కూడా బాగుందనుకోవడం. మనం అంతదూరం వెళ్లక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో నిల్వ ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి ఆవిరై ఊరి మీద పడింది, 12 మంది పోయారు. నేను కోర్సుల గురించి ఆలోచిస్తున్న రోజుల్లోనే, 2024 ఆగస్టు 21న, మాకు దగ్గర్లోని అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా ప్లాంట్‌లో సాల్వెంట్ లీకై, ఆవిరి పేలి 17 మంది ప్రాణాలు పోయాయి. అలాంటి ప్లాంట్లలో పనిచేసే మనకు హజాప్ (ప్రక్రియలో ఎక్కడ ఏం తప్పొచ్చో వరసగా వెతికే పద్ధతి), లేయర్స్ ఆఫ్ ప్రొటెక్షన్ (ఒకదాని వెనక ఒకటి ఉండే రక్షణలు), రియాక్షన్ హజార్డ్స్ కనీసం ఒక మాడ్యూల్‌లోనైనా లేని మాస్టర్స్ అసంపూర్ణం. నాకు నచ్చిన కోర్సులో అది ఐచ్ఛిక మాడ్యూల్‌గా ఉంది. తగినంతమంది చేరకపోతే ఆ ఏడాది అది నడపరన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంది. మెయిల్ పెట్టి, గడిచిన సంవత్సరాల్లో నడిచిందో లేదో కనుక్కున్నాకే దరఖాస్తు చేశాను.

ఇక టైం. బ్రోషర్లలో "మీ వీలును బట్టి చదువుకోవచ్చు" అని రాస్తారు. దాన్ని నమ్మకుండా క్రెడిట్లు లెక్కపెట్టాలి. బ్రిటన్ మాస్టర్స్‌కి 180 క్రెడిట్లు, క్రెడిట్‌కి పది గంటల చదువు అని వాళ్ల లెక్క. మొత్తం 1,800 గంటలు. మూడేళ్లకు సర్దితే వారానికి సుమారు పన్నెండు గంటలు, రెండేళ్లలో ముగించాలంటే పదిహేడు, పద్దెనిమిది. కూర్మన్నపాలెంలో కంపెనీ బస్సు ఎక్కేలోపు తెల్లవారుజామున కొంత, ఆదివారం కొంత. అంతకుమించి నాకు కుదరదని తెలుసు, కాబట్టి మూడేళ్లే తీసుకున్నాను. షట్‌డౌన్ మెయింటెనెన్స్ నెలలో అసలేమీ చదవలేం, ఆ నెలల్లో మాడ్యూల్ ఆపుకునే అవకాశం ఉందా అని కూడా అడిగి తెలుసుకోవాలి. మధ్యలో ఆగిపోవాల్సి వస్తే 60 క్రెడిట్లకు పీజీ సర్టిఫికెట్, 120కి పీజీ డిప్లొమా ఇచ్చి పంపుతారు. ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఏమవుతుందో తెలియని మనలాంటివాళ్లకు ఈ వెసులుబాటు చాలా పెద్ద ధైర్యం.

లైవ్ క్లాసుల సమయం ముందే అడగండి. అక్కడ సాయంత్రం ఏడు గంటలంటే మనకు శీతాకాలంలో రాత్రి పన్నెండున్నర. మార్చి ఆఖర్లో వాళ్లు గడియారం ముందుకు జరిపాక పదకొండున్నర. మరునాడు జనరల్ షిఫ్టుకి వెళ్లాల్సిన మనిషి వారం వారం అలా మేలుకుంటే, నిద్రలేమితో పర్మిట్లు చూడటం ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పక్కర్లేదు. నా కోర్సులో మధ్యాహ్నం సెషన్ కూడా ఉంది, రికార్డింగ్ కూడా ఇస్తారు. ఆ సౌకర్యం లేని ఒక మంచి కోర్సుని ఈ ఒక్క కారణంతోనే వదిలేశాను. ఇంగ్లిష్ పరీక్ష విషయంలో ఇబ్బంది రాలేదు, బీటెక్ ఇంగ్లిష్ మీడియం అని కాలేజీ ఇచ్చిన లెటర్ తీసుకున్నారు. కొన్ని యూనివర్సిటీలు ఐఈఎల్‌టీఎస్సే కావాలంటాయి.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. నేను చూసిన బ్రిటన్ ఆన్‌లైన్ కోర్సుల ఫీజులు 8,000 నుంచి 15,000 పౌండ్ల మధ్య ఉన్నాయి. ఒకేసారి కట్టక్కర్లేకుండా మాడ్యూల్‌కి ఇంత అని కట్టించుకునే చోటే చూశాను. అందులో లాభం ఉంది, చిక్కూ ఉంది. లాభం ఏమిటంటే, నచ్చకపోతే ఒక మాడ్యూల్‌తో ఆగిపోవచ్చు. పైగా ఏడాదిలో పంపే మొత్తం 10 లక్షల లోపు ఉంటే టీసీఎస్, అంటే విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే పన్ను, బెడద లేదు. 2025 ఏప్రిల్‌కి ముందు ఆ పరిమితి 7 లక్షలు. చిక్కల్లా మారకం విలువతోనే. నేను బడ్జెట్ వేసినప్పుడు పౌండు 105 రూపాయల దగ్గరుంది, ఏడాది తిరిగేసరికి 115 దాటింది. ఎవరైనా పది శాతం పైన వేసుకునే లెక్క వేసుకోవడం మంచిది. బ్యాంకు నుంచి విద్యా రుణం తీసుకుంటే వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుంది, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. మేం రుణం తీసుకోలేదు. మా ఆయన, నేను కూర్చుని ఆ మూడేళ్లు కారు కొనే ఆలోచన పక్కన పెట్టాం.

మా ప్లాంట్ హెడ్‌తో మాట్లాడటం చివరిదాకా వాయిదా వేశాను, చదువు పేరు చెబితే పని మీద శ్రద్ధ తగ్గుతుందంటారేమోనని టెన్షన్. "ఫీజు ఇవ్వలేం అమ్మా, పాలసీ లేదు. కానీ నువ్వు మన ప్లాంట్ మీదే అసైన్‌మెంట్లు చేస్తానంటే నాకేం అభ్యంతరం? కంపెనీ పేరు బయటికి రాకూడదు, అంతే" అన్నారు. ఫీజు కంటే ఆ అనుమతే నాకు విలువైంది. దాన్ని నోటిమాటగా వదిలేయకుండా హెచ్ఆర్ ద్వారా కాగితం మీద పెట్టించుకున్నాను. ఏ డేటా వాడొచ్చు, ఏది వాడకూడదు, రిపోర్టు ముందు ఎవరు చూడాలి అన్నీ అందులో ఉన్నాయి. ప్లాంట్ హెడ్ మారితే మాట మారిపోతుంది, కాగితం అలాగే ఉంటుంది.

మొదటి ఏడాదిలో నాకు బాగా పనికొచ్చింది ఇండస్ట్రియల్ హైజీన్ మాడ్యూల్. కొలత అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కార్మికుడి కాలర్‌కి, ముక్కుకి దగ్గరగా, చిన్న గాజు గొట్టం తగిలిస్తాం. అందులో బొగ్గు రేణువులుంటాయి. నడుముకి కట్టిన చిన్న పంపు నిమిషానికి 200 మిల్లీలీటర్లకు మించకుండా గాలిని అందులోంచి లాగుతుంది. టోలీన్ బొగ్గుకి పట్టుకుంటుంది, దాన్ని ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద చూస్తారు. సాల్వెంట్ ఏరియాలో వాడాలంటే ఆ పంపు కూడా నిప్పురవ్వ పుట్టించని రకం అయి ఉండాలి. మామూలు పంపు తీసుకొస్తే కొలవడానికి వెళ్లి మనమే ప్రమాదం తెచ్చినవాళ్లమవుతాం. షిఫ్టు మొత్తానికి ఒక గొట్టం పెడితే సగటు వస్తుంది, సెంట్రిఫ్యూజ్ మూత తీసిన ఆ పదిహేను నిమిషాలకు విడిగా ఇంకొకటి పెట్టాలి. మాకు వచ్చిన ఫలితాల్లో సగటు చట్టం పరిమితి లోపే ఉంది. మూత తీసిన పదిహేను నిమిషాల అంకెలు మాత్రం స్వల్పకాలిక పరిమితిని మించాయి. తల ఎందుకు తిరుగుతోందో కాగితం మీద కనిపించింది. ఆ గ్రాఫు చూపించాక మా ఇంజినీరింగ్ మేనేజర్, "కింది నుంచి డిశ్చార్జ్ అయ్యే మెషీన్‌కి కొటేషన్ తెప్పిద్దాం. అది వచ్చేదాకా మూత దగ్గర సక్షన్ హుడ్ పెడదాం" అన్నారు. హుడ్ వచ్చింది. మెషీన్ ఇంకా బడ్జెట్‌లో ఉంది, నేను ప్రతి సేఫ్టీ కమిటీ మీటింగ్‌లోనూ దాన్ని ఎజెండాలో పెడుతున్నాను.

ఇబ్బందులు లేవని చెప్పను. అకడమిక్ ఇంగ్లిష్‌లో రాయడం మనకు ఎవరూ నేర్పలేదు. ఎక్కడ ఎవరి మాట వాడుకున్నా ఆధారం చూపించాలి, మన సొంత అభిప్రాయానికి కూడా కారణం చెప్పాలి. మొదటి అసైన్‌మెంట్‌కి వచ్చిన వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం "ఇది నీకెలా తెలుసు?" అనే. ట్యూటర్ చదివి రాసిన వ్యాఖ్యలే ఈ చదువులో నేను డబ్బు పెట్టి కొన్నది అనిపిస్తుంది. అందుకే చేరేముందు ట్యూటర్లు ఎవరు, వాళ్లు పరిశ్రమలో పనిచేశారా, ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులుంటారు, రాసినదానికి ఎన్నాళ్లలో వ్యాఖ్యలు పంపుతారు అని అడగండి. తోటి విద్యార్థుల్లో ఉత్తర సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద పనిచేసే ఆయన ఒకరున్నారు, నైజీరియా సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ ఒకరు. 1988లో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్ మీద 167 మంది చనిపోవడానికి షిఫ్టు మారేటప్పుడు ఒక పంపు పర్మిట్ సంగతి చేతులు మారకపోవడం ఎలా దారితీసిందో గ్రూపులో చర్చకొచ్చింది. ఆ ఆయన తమ ప్లాట్‌ఫామ్ మీద ఇప్పుడు పర్మిట్ అప్పగింత ఎలా చేస్తున్నారో చెప్పారు. దాన్ని చూసే మేం బీ షిఫ్టు నుంచి సీ షిఫ్టుకి మారేటప్పుడు తెరిచి ఉన్న పర్మిట్లన్నీ ఇద్దరు ఇన్‌చార్జులూ స్పాట్‌కి వెళ్లి చూసి సంతకం పెట్టేలా మార్చాం.

వచ్చే టర్మ్‌లో డిసర్టేషన్ మొదలవుతుంది, 60 క్రెడిట్లు. రియాక్టర్ మ్యాన్‌హోల్ ద్వారా పౌడర్ ఛార్జ్ చేసేటప్పుడు, అంటే లోపల పోసేటప్పుడు, సాల్వెంట్ ఆవిరికి కార్మికులు ఎంత గురవుతున్నారు, మూసిన ఛార్జింగ్ పద్ధతికి మారితే అది ఎంత తగ్గుతుంది అన్నది అంశం. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ కార్మికుల సమ్మతి పత్రం వాళ్ల భాషలోనే ఉండాలంది. తెలుగుది నేనే రాశాను. ఒడియా పత్రం మా స్టోర్స్‌లో పనిచేసే బరంపురం అబ్బాయి రాసిపెట్టాడు, హిందీది ఈ వారం అవుతుంది.